వైద్య నివేదికలో ‘సార్క్’ కనిపిస్తే ఎలా చదవాలి

నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుంచి చికిత్సకు చెన్నై వచ్చేవారు, 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో ఆరంభమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుకొని నగరంలోని ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా, బయాప్సీ రిపోర్టు ఇంగ్లీషులోనే చేతికి వస్తుంది. దాన్ని చదివి ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పే బాధ్యత ఇక్కడ స్థిరపడిన బంధువుల మీద పడుతుంది. అందులో ‘సార్క్’ అన్న ముక్క కనబడగానే క్యాన్సరేనని చెప్పి ఇంటిల్లిపాదినీ భయపెట్టడం ఎంత తప్పో, చూసీ చూడనట్టు దాటిపోవడమూ అంతే తప్పు. గ్రీకులో ‘సార్క్స్’ అంటే మాంసం. జబ్బేమిటో తెలియాలంటే దానికి ముందూ వెనకా చేరిన ముక్కలను చూడాలి.

ముందుగా పదం చివర చూడండి. ‘సార్కోమా’ అని ముగిస్తే అది ఎముక, కొవ్వు, కండరం, రక్తనాళం వంటి కణజాలంలో పుట్టిన క్యాన్సర్. చర్మం, అవయవాల లోపలి పొరలు, గ్రంథులలో పుట్టే ‘కార్సినోమా’ వేరు. చికిత్స విధానం కూడా మారుతుంది కనుక ఈ రెండింటినీ కలిపి చెప్పకూడదు. పెద్దలకు వచ్చే క్యాన్సర్లలో సార్కోమాలు సుమారు 1 శాతమే. ఇక పదం మొదటి భాగం అది పుట్టిన కణజాలాన్ని తెలుపుతుంది: ‘ఆస్టియో’ ఎముక, ‘కాండ్రో’ మృదులాస్థి, ‘లైపో’ కొవ్వు, ‘యాంజియో’ రక్తనాళం. ఇక్కడ అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది నడుమనున్న ‘సార్కో’ను. లైపోమా అపాయం లేని కొవ్వుగడ్డ, లైపోసార్కోమా క్యాన్సర్. తొందరలో ఆ రెండక్షరాలను వదిలి చదివితే అర్థమే తలకిందులవుతుంది.

పదం చివర వచ్చే ‘ఆయిడ్’కు పోలినది అని అర్థం. నార్వే వైద్యుడు సీజర్ బోక్ 1899లో చర్మం మీది గడ్డలలోని కణాలు సార్కోమాను పోలి ఉన్నాయని భావించి ‘సార్కాయిడ్’ అన్నాడు. సార్కాయిడోసిస్ పేరు అలా వచ్చినదే. అది క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తులలో, లింఫు గ్రంథులలో వాపు కణాలు గుంపులుగా చేరే ఈ జబ్బు మన దేశంలో క్షయగా పొరబడే అవకాశం ఉంది కనుక, డాక్టరు రెండు పరీక్షలు ఎక్కువ రాస్తే విసుక్కోవద్దు.

‘పీనియా’ లేమిని తెలుపుతుంది, కాబట్టి సార్కోపీనియా అంటే వయసుతోపాటు కండ, బలం తగ్గడం. అనసార్కా అంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నప్పుడు ఒళ్లంతా నీరు పట్టడం. గజ్జి పురుగు పేరు సార్కోప్టిస్, అంటే మాంసాన్ని కోసేది. కండరాల గురించి చదివేటప్పుడు ఎదురయ్యే సార్కోమియర్, సార్కోప్లాజం రోగాలే కావు, కండరతంతువులోని భాగాలు.

ఒక పదం మాత్రం ఈ కుటుంబానికి చెందదు. కడుపు బయాప్సీలో అరుదుగా కనిపించే ‘సార్సినా’ ఒక బాక్టీరియా. ఆ పేరు మూట అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి వచ్చింది, ఎందుకంటే దాని కణాలు మూటకట్టినట్టు కలిసి ఉంటాయి.

చివరగా, పదం పక్కన ‘సజెస్టివ్ ఆఫ్’ అని ఉందేమో చూడండి. అలా ఉంటే అది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. ఇంకే పరీక్షతో తేలుతుందో డాక్టరుగారిని అడిగి, ఆ పరీక్ష పేరు రిపోర్టు మీదే రాయించుకోండి.