సివిల్ దావాలో విలేకరి నోట్సు, ఫొటోలు అడిగినప్పుడు ఏం చేయాలి?

పరవాడ ఫార్మా సిటీలో పనిచేసే ఒక కార్మికుడు రాత్రి షిఫ్టు దిగాక లాగ్‌బుక్ పేజీని ఫోనులో ఫొటో తీసి, పేరు బయటకు రానివ్వనన్న మాట తీసుకుని, విశాఖపట్నంలోని ఒక విలేకరికి పంపాడనుకుందాం. జిల్లా ఎడిషన్‌లో వార్త వచ్చింది. కొన్ని నెలలకు యాజమాన్యం విశాఖ కోర్టులో పరువునష్టం దావా వేసి, ఆ వార్తకు సంబంధించిన నోట్సు, ఫొటోలు, వాట్సాప్ సందేశాలు అన్నీ దాఖలు చేయించాలని కోరింది. అటువంటి రోజున ఆ విలేకరి ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం మనకు ఎంతవరకు అండగా ఉందో తెలుసుకోవాలి. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాటకు, భార్యాభర్తల మధ్య మాటకు భారతీయ సాక్ష్య అధినియమం 2023 రక్షణ ఇచ్చింది కానీ, విలేకరికి ఒకరు నమ్మి చెప్పిన మాటకు ఇవ్వలేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15(2) సోర్సు, అంటే సమాచారం ఇచ్చిన మనిషి, పేరు చెప్పమని బలవంతం చేయకూడదంటుంది, అయితే అది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితం. కోర్టులకూ అలాంటి నిబంధన ఉండాలని లా కమిషన్ 1983లో తన 93వ నివేదికలో సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ చోటు దక్కలేదు. మరోవైపు, సోర్సులకు రక్షణ పత్రికా స్వేచ్ఛకు మౌలికమైన షరతుల్లో ఒకటని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 27న, ఫోన్లలోకి చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన కేసు ఉత్తర్వులో చెప్పింది. కాబట్టి "చెప్పను, అది నా హక్కు" అన్న ఒక్క మాట కోర్టులో నిలవదు. "ఈ కాగితం ఈ దావా తేలడానికి నిజంగా అవసరమా" అన్న వాదన నిలిచే అవకాశం ఉంది.

కోర్టు కాగితం వస్తే తీసుకోవాలి. తీసుకోకపోతే తలుపుకు అంటించి వెళతారు, వాయిదా మాత్రం ఆగదు. అందిన తేదీని కవరు మీదే రాసుకుని, దావాలో మీరు ప్రతివాదా, బయటి సాక్షా అన్నది మొదట చూడండి. ప్రతివాది అయితే, అవతలి పక్షం ప్రశ్నలు వేయడానికి, పత్రాలు అడగడానికి వీలిచ్చే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 వర్తిస్తుంది. ఇంటరాగేటరీలనే లిఖిత ప్రశ్నలు వేధించడానికే వేసినవైతే, వాటిని కొట్టేయమని అందిన ఏడు రోజుల్లోపు పిటిషన్ వేయవచ్చు. లేదా పది రోజుల్లోపు దాఖలు చేయాల్సిన జవాబు అఫిడవిట్‌లోనే, ఫలానా ప్రశ్న దావాకు సంబంధం లేనిదనో, ఈ దశలో అవసరం లేనిదనో అభ్యంతరం రాయవచ్చు. నేను చూసినంతలో విలేకరులు ఎక్కువగా నష్టపోయేది ఈ గడువుల దగ్గరే. బయటి సాక్షి అయితే ఆర్డర్ 16 కింద సమన్లు వస్తాయి. కాగితం తెమ్మని మాత్రమే ఉంటే దాన్ని మరొకరి చేత కోర్టుకు పంపినా సరిపోతుంది, బోను ఎక్కాల్సిన పని లేదు. సమన్లు అందినా కదలకపోతే వారెంటు, ఆస్తి జప్తు వరకు వెళ్లే అధికారం కోర్టుకు ఉంది.

అదే రోజు బ్యూరోకు, ఎడిటర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి డబ్బు తీసుకుని, పనిచేసే కంట్రిబ్యూటర్లు మరొక మాట కూడా అడగాలి: పత్రిక వకీలు నా తరఫున కూడా వకాలతు వేస్తారా? పత్రిక యాజమాన్యం రాజీకి మొగ్గితే ఆ వకీలు వాళ్ల మేలే చూస్తారు కాబట్టి, సొంత అడ్వకేటు ఉండడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితికి లోబడినవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇక ఆ క్షణం నుంచి ఏదీ చెరపకూడదు. సాక్ష్యంగా రాకుండా పత్రాన్ని గానీ, ఫోనులోని సందేశాన్ని గానీ నాశనం చేయడం జైలు శిక్ష పడే నేరం.

ఇప్పుడు ఆ ఫొటోను దగ్గరగా చూడండి. పేజీ అంచున పట్టుకున్న బొటనవేలు కనిపిస్తోంది, గోరు పక్కన పాత కాలిన మచ్చ ఉంది. షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకం కింద ఆకుపచ్చ సిరా ఇంకా ఆరలేదు, అంటే ఆ పది నిమిషాల్లో ఆ గదిలో ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో. పేరు మీద నల్లగీత కొట్టి ఇచ్చినంత మాత్రాన ఆ మనిషి దాగడు. ఈ సంగతిని జడ్జిగారికి అఫిడవిట్‌లో విడమరిచి చెప్పాలి, కానీ మచ్చ సంగతి, సిరా సంగతి అందులో రాయకూడదు. "గుర్తుపట్టే ఆనవాళ్లున్న ఒక ఫొటో" అంటే చాలు. ఎప్పుడు, ఏ మాట ఇచ్చి తీసుకున్నారో, పేరు బయటపడితే అతని ఉద్యోగానికి ఏం జరగవచ్చో రాయండి. అన్నిటికంటే బలమైన వాదన ఇది: లాగ్‌బుక్ అసలు ప్రతి దావా వేసినవారి దగ్గరే ఉంది, కనుక వాళ్లు వెతుకుతున్నది నిజాన్ని కాదు, ఫొటో తీసిన మనిషిని. అమెరికాలో పలు ఫెడరల్ కోర్టులు సివిల్ దావాల్లో ఇటువంటి ప్రశ్నలే వేస్తాయి: అడిగినది కేసుకు కీలకమా, వేరే దారులన్నీ వెతికారా, తప్పనిసరి అవసరం ఉందా. ఆ తీర్పులకు మన కోర్టులు కట్టుబడవు, అయినా వాదనలో ఉదహరించవచ్చు.

మొత్తం ఇవ్వనని భీష్మించడం కంటే, ప్రచురితమైన వార్తను, పేరుతో మాట్లాడినవారి ఇంటర్వ్యూలను స్వయంగా ఇచ్చేసి, మిగిలిన కొద్ది కాగితాల మీదే పట్టుబట్టడం మేలు. కోర్టు తెమ్మన్న కాగితాన్ని అభ్యంతరం ఉన్నా తీసుకువెళ్లాల్సిందే. అభ్యంతరం చెల్లుతుందో లేదో నిర్ణయించేది కోర్టు. అందుకే సీల్డ్ కవరులో పెట్టి, అవతలి పక్షానికి చూపకుండా ముందు జడ్జిగారే పరిశీలించాలని పిటిషన్ వేయాలి. ఆర్డర్ 11 రూల్ 19(2) అందుకు వీలు కల్పిస్తుంది.

బోనులో పేరు అడిగితే, గుర్తున్నదాన్ని గుర్తులేదని చెప్పకండి, అది అబద్ధ సాక్ష్యం. అభ్యంతరం చెప్పి, దాని మీద ఉత్తర్వు కోరండి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే గడువు అడిగి, అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 227వ అధికరణ కింద సవాలు చేసి స్టే కోరాలి. స్టే లేకుండా మౌనం వహిస్తే, ప్రతివాది విషయంలో వాదననే కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది. పైగా దాచిన పత్రం మీకు వ్యతిరేకంగా ఉండేదేమోనని కోర్టు అనుకోవచ్చు, వార్త నిజమని రుజువు చేయడానికి దాన్ని మీరూ వాడుకోలేరు. ఈ మూల్యం తెలిసినవారు వార్త వేయకముందే, సోర్సు మీద ఆధారపడని రెండో ఆధారాన్ని, అంటే కాలుష్య నియంత్రణ మండలి కాగితాన్నో సమాచార హక్కు జవాబునో, చేతిలో పెట్టుకుంటారు.

ఆ కార్మికుడికి దావా సంగతి ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. మాట ఇచ్చింది అతనికి కాబట్టి, దాని నుంచి మిమ్మల్ని విడిపించగలిగేదీ అతనే. తన పేరు చెప్పమని అతనే అంటే, ఆ అంగీకారాన్ని తేదీతో, సంతకంతో కాగితం మీద తీసుకుని, అప్పుడు మాత్రమే మీ అడ్వకేటు చేతికి ఇవ్వండి.