కుక్క పెరడంతా తవ్వేస్తోందా? ముందు గొయ్యి ఎక్కడ పడిందో చూడండి

పెరట్లో గొయ్యి కనపడగానే చాలామంది చేసే పని ఒకటే. దాన్ని పూడ్చి, కుక్కను నాలుగు తిట్టి ఊరుకుంటారు. మర్నాడు అదే చోట మళ్లీ గొయ్యి. కుక్క ఊరికే తవ్వదు. చల్లదనం కోసం తవ్వుతుంది, పందికొక్కు కోసం తవ్వుతుంది, బయటికి పోదామని తవ్వుతుంది, ఏమీ తోచకా తవ్వుతుంది. కారణం తెలియకుండా ఏం చేసినా డబ్బు దండగే. అందుకని మూడు రోజులు ఊరికే గమనించండి: ఏ వేళ తవ్వుతోంది, ఏ మూల, ఎంత లోతు.

చెట్టు కిందో, గోడ నీడలోనో, కుళాయి పక్క తడి మట్టిలోనో జానెడు లోతున వెడల్పుగా తవ్వి, అందులోనే ముడుచుకుని పడుకుంటే అది వేడికి తట్టుకోలేక తీసిన గొయ్యి. ప్రహరీ వెంటా గేటు కిందా తవ్వితే బయటికి పోవడానికి. కాసేపు తవ్వి, ముక్కు పెట్టి వాసన చూసి, మళ్లీ తవ్వుతూ ఒక వరసలో ముందుకు పోతుంటే కింద బొరియ ఉన్నట్టే. ఎరువు వేసిన పాదుల్లోనే తవ్వితే తప్పు ఎరువుది. మీరు ఇంట్లో లేనప్పుడు ఎక్కడపడితే అక్కడ తవ్విందంటే దానికి పొద్దుపోవడం లేదు.

జాతి సంగతి కూడా ఒక మాట. బొరియల్లో దూరి వేటాడడానికే పెంచిన డాష్‌హండ్, టెర్రియర్ లాంటి కుక్కల చేత తవ్వడం పూర్తిగా మానిపించడం కుదిరే పని కాదు. వాటితో తవ్వే చోటు మార్పించడమే మన చేతిలో ఉంది.

వేడికి తవ్వే కుక్క

విజయవాడ, గుంటూరుల్లో వేసవిలో ఎక్కువగా కనిపించేది ఇదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో 45 డిగ్రీల దగ్గర కుక్క ఎక్కడికి పోతుంది? మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి రొప్పి ఒంట్లో వేడి దించుకోవాలి. గచ్చు కాలిపోతుంటే జానెడు కింద మట్టి చల్లగా తగులుతుంది, అక్కడికే పోతుంది. దీన్ని తిట్టడం అన్యాయం.

ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా కుక్కను ఇంట్లో ఫ్యాన్ కింద ఉంచగలిగితే సగం గోతులు ఆగుతాయి. అది కుదరని ఇంట్లో, కుక్క తవ్విన మూలలోనే 7 అడుగుల ఎత్తున గ్రీన్ మ్యాట్ కట్టండి. 75 శాతం నీడనిచ్చే రకం అడగండి. నాలుగు వైపులా గాలి ఆడాలి. రేకుల షెడ్డు వద్దు, మధ్యాహ్నానికి రేకు వేడంతా కిందికి దిగుతుంది. నీడలో తడిపిన గోనెసంచి పరిచి, అది ఆరినప్పుడల్లా మళ్లీ తడపండి. నీళ్లు రెండు చోట్ల పెట్టాలి. కాలితో తిరగేసే కుక్కయితే సిమెంటు తొట్టి మేలు.

ఇసుక గుంత కట్టడం

వేడికి తవ్వే కుక్కకూ, తోచక తవ్వే కుక్కకూ, జాతి లక్షణం కొద్దీ తవ్వే కుక్కకూ పనికొచ్చేది ఇదొక్కటే: అది ఇష్టం వచ్చినట్టు తవ్వుకోవడానికి విడిగా ఒక ఇసుక గుంత. లాబ్రడార్ అంత కుక్కకు 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. డాష్‌హండ్‌కు 3 అడుగుల చదరం సరిపోతుంది.

మొదట నీడ పడే చోట గీత గీసి అడుగు లోతు తవ్వించండి. నేల నల్లరేగడి అయితే వానాకాలం నీళ్లు ఇంకవు, ఇసుక బురదై కంపు కొడుతుంది. అందుకే అడుగున 3 అంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకర పోయాలి. కుక్క కంకర దాకా తవ్వి గోళ్లు చీల్చుకోకుండా దాని మీద నాపరాయి ముక్కలు సందులు వదిలి పేర్చండి. పల్నాడు నాపరాళ్లు పరిచే ప్రాంతం కాబట్టి విరిగిన ముక్కలు వెతుక్కోనక్కర్లేదు. చుట్టూ ఇటుకలతో అర అడుగు గట్టు కట్టి, లోపల ఇసుక నింపండి. పెద్ద గుంతకు సుమారు 18 ఘనపుటడుగులు, అంటే సిమెంటు బస్తాలతో 15 బస్తాలు పడుతుంది. ప్లాస్టరింగ్‌కు జల్లించిన సన్న ఇసుక కళ్లలో పడుతుంది, కాస్త ముతకది తీసుకోండి.

గుంత కట్టగానే కుక్క వచ్చి తవ్వుతుందనుకుంటే పొరపాటు. నేర్పాలి. మొదటి రెండు రోజులు బిస్కెట్లు ఇసుక పైనే చల్లండి. తర్వాత 2 అంగుళాల కింద పెట్టండి, వారం తిరిగేసరికి జానెడు లోతున దానికిష్టమైన బొమ్మ పాతండి. వేరే చోట తవ్వుతూ కనిపిస్తే ఒకసారి చప్పట్లు కొట్టి, పేరు పెట్టి పిలిచి గుంత దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ తవ్వగానే మెచ్చుకోండి. ఇలా నేర్పే మూడు నాలుగు వారాలూ దాన్ని పెరట్లో ఒంటరిగా వదలకూడదు. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే: పొద్దున నేర్పుతారు, మధ్యాహ్నం వదిలేస్తారు. ఎండాకాలం ఉదయం పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ బకెట్‌తో ఇసుక తడపండి. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే వీధిలో పిల్లులన్నీ దాన్నే మరుగుదొడ్డిగా వాడతాయి.

దీనితోపాటు రోజుకు రెండుసార్లు అరగంట నడక ఉండాలి. బెజవాడ కాలువ గట్ల మీదైనా సరే, వేసవిలో పొద్దుటి నడక ఏడు లోపు ముగించాలి. సాయంత్రం తారు మీద అరచేయి వెనక్కి తిప్పి ఆనించి చూడండి. ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

పాదులు, బొరియలు

ఎముకల పొడి, చేపల ఎరువు వేసిన పాదును కుక్క వదలదు. దాని ముక్కుకు అది భోజనమే. ఇవి వేసేవారు నేలకు బదులు ఎత్తైన కుండీల్లో వేసుకోవాలి. ఆముదం పిండి మాత్రం కుక్క ఉన్న ఇంట్లో అసలు ఉండకూడదు. అందులో రైసిన్ అనే విషం ఉంటుంది, రుచిగా ఉందని తింటే ప్రాణం పోవచ్చు. తిన్నదని అనుమానం వస్తే వాంతులు, విరేచనాలు మొదలయ్యేదాకా చూడకుండా ఆ సంచితో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

చిన్న మొక్కల చుట్టూ పిడికిలి కంటే పెద్ద గులకరాళ్లు పేర్చండి. చిన్నవైతే కొన్ని కుక్కలు మింగేస్తాయి.

పందికొక్కు కోసం తవ్వే కుక్క విషయంలో కుక్కను కాదు, పందికొక్కును ఆపాలి. ఎలుకల మందు పెట్టొద్దు. మందు తిన్నా, మందు తిని చచ్చిన ఎలుకను తిన్నా కుక్కకు ముప్పే. బోను పెట్టి, బొరియలు ఖాళీ అయ్యాక గాజు పెంకులు కాకుండా ఇటుక ముక్కలు, సిమెంటు కలిపి మూయండి. రాత్రిళ్లు కుక్క గిన్నెలో అన్నం మిగలనివ్వకండి, పందికొక్కులను పిలిచేది అదే.

గుంటూరు ఇళ్లలో కారానికి కొదవ లేదు కాబట్టి గోతిలో కారం చల్లమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. తవ్విన కుక్క అదే కాలితో కళ్లు రుద్దుకుంటుంది. రెండో వానకు కారం కొట్టుకుపోతుంది, గొయ్యి మళ్లీ వస్తుంది.

గోడ కింద దారి

గేటు కింద సందు ఉంటే 4 అంగుళాల ఎత్తున కాంక్రీటు గడప పోయించడం ఒక రోజు పని. పునాది తక్కువున్న గోడ వెంట జింకు పూత ఉన్న 2 అంగుళాల గళ్ల వెల్డ్ మెష్ వేయాలి. గోడకు ఆనించి అడుగు లోతు దించి, అక్కడి నుంచి పెరటి వైపు మరో అడుగు వంచి మట్టి కప్పండి. నిలువుగా దించి వదిలేస్తే కుక్క దాని కిందకి పోతుంది. కోసిన తీగ మొనలు కిందికి మడవకపోతే పాదాలు తెగుతాయి.

ఎదకొచ్చిన ఆడకుక్క వాసన తగిలిన మగకుక్కను ఏ మెష్ ఎక్కువ రోజులు ఆపలేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడమే దారి. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలోగానీ, మీ దగ్గరి పశువుల డాక్టరును గానీ అడగండి.

చూలు కుక్క ఈనబోయే ముందు ఒక మూల పట్టుకుని పట్టుదలగా తవ్వుతుంది. జత కట్టి సుమారు 63 రోజులు దగ్గరపడుతుంటే దాన్ని అడ్డుకోవద్దు. పాత చీరలు పరిచిన పెట్టె ఒకటి గాలి తగిలే గదిలో వారం ముందే పెట్టేయండి. ఈనాక ఆ తవ్వడం దానంతట అదే ఆగిపోతుంది.