ఇంటిల్లిపాదీ ఫోటోలు – 4వ పాఠం: కదలనివ్వండి

ఈ వారం రోజులూ ఇంట్లో ఎవరితోనూ "కదలకుండా నిలబడు" అనకండి. ఈ పాఠానికి నియమం అదొక్కటే. పోయిన పాఠంలో వంటింటి కిటికీ పక్కన అమ్మను కూర్చోబెట్టి, వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడటం నేర్చుకున్నాం. అప్పుడు మనకు కుదురు కావలసి వచ్చింది. ఇప్పుడు పిల్లలు పరుగెత్తాలి, ఫ్యాను తిరగాలి, అల రావాలి. చెదిరిన ఫోటో కనబడగానే తీసిపారేసే అలవాటును కూడా ఈ వారానికి మానుకోండి. అన్నీ ఉంచండి, ఆదివారం చూద్దాం.

షటర్‌ను తలుపు అనుకోండి. అది తెరుచుకుని ఉన్నంతసేపూ ఎదుట జరిగినదంతా ఒకే బొమ్మలోకి చేరుతుంది. ఆరేళ్ల పాప సెకనుకు 3 మీటర్ల చొప్పున పరుగెత్తుతోందనుకుందాం. తలుపు 1/1000 సెకను తెరిస్తే పాప కదిలేది 3 మిల్లీమీటర్లే. జడ కొసలు కూడా గాలిలో నిలిచిపోయి కనిపిస్తాయి. 1/15 సెకను తెరిస్తే 20 సెంటీమీటర్లు కదులుతుంది, ముఖం గీతలుగా సాగిపోతుంది. ఈ రెండింటిలో తప్పు ఏదీ లేదు. ఆ పరుగులో మీరు దాచుకోవాలనుకున్నది పాదం నేలను విడిచిన క్షణమా, ఇల్లంతా చుట్టబెట్టే ఆ హడావిడా అన్నది ముందు తేల్చుకోండి. వేగం ఆ తరువాత తేలుతుంది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 'ప్రో' అనే విభాగం ఉంటుంది. అందులో 'ఎస్' అక్షరం దగ్గర షటర్ వేగాన్ని మార్చుకోవచ్చు. ఐఫోన్ ఉన్నవారు లైవ్ ఫోటో తీసి, తరువాత దానిని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకుంటే కొంతవరకు ఇదే ఫలితం వస్తుంది. పరికరాల గురించి ఇంతకంటే తెలియనక్కరలేదు.

మొదటి సాధన హాల్లోనే. వెల్లకిలా పడుకుని తిరుగుతున్న ఫ్యానును 1/1000, 1/30, 1/5 సెకను వేగాలలో తీయండి. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యాను 1/5 సెకనులో సరిగ్గా ఒక చుట్టు పూర్తి చేస్తుంది. రెక్కలు మాయమై పలచని పళ్లెంలా కనిపిస్తుంది. 1/1000 దగ్గర రెక్కలు ఆగుతాయి, కానీ కొన్ని ఫోన్లలో వంగిపోయి కొడవళ్లలా ఉంటాయి. ఫోను పాడైందని కంగారు పడకండి. ఫోను బొమ్మను ఒక్కసారిగా చూడదు, వరుస తరువాత వరుసగా చదువుతుంది. పై వరుస చదివి కింది వరుసకు వచ్చేలోపు రెక్క జరిగిపోతుంది.

ఇదే వంపు నూరేళ్ల కిందటి ఫోటోలలోనూ ఉంది. ఫ్రాన్సులో 1894లో పుట్టిన జాక్ హెన్రీ లార్తీగ్ చిన్నతనంలోనే తండ్రి ఇచ్చిన కెమెరాతో ఇంటివాళ్లనే తీస్తూ పెరిగాడు. మెట్ల మీదనుంచి గాలిలోకి దూకుతున్న బంధువుల అమ్మాయిని 1905లో తీశాడు. తరువాత పందెం కారును తీస్తే చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలింది, దారిపక్క జనం వెనక్కి వాలారు. అతని కెమెరా షటర్‌లోని సన్నని చీలిక, బొమ్మ పడే గాజు పలక మీదుగా జరిగేలోపు కారూ జరిగింది, కారును వెంబడిస్తూ అతని చేతులూ తిరిగాయి. ఆ వాలు వల్లనే ఆ ఫోటోలో వేగం ఉంది. ఇంటి ఆల్బంలో ఉండిపోయిన ఆ బొమ్మలు 1963లో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలో ప్రదర్శనకు ఎక్కాయి. ఇంటివాళ్లను తీయడం చిన్న పని అనుకునేవారికి నేను ఆయన పేరే చెబుతాను.

రెండో సాధన టీ చల్లార్చడం. పాపకు పాలైనా సరే, తాతగారికి టీ అయినా సరే, ఒక గ్లాసునుంచి మరో గ్లాసులోకి ఎత్తిపోసే చేతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. పగటిపూట కిటికీ దగ్గర 1/1000తో తీస్తే ధార చివర ముత్యాల్లా తెగిన చుక్కలు విడివిడిగా కనబడతాయి. సాయంత్రం వంటింట్లో 1/8తో తీస్తే అదే ధార నున్నని తాడులా ఉంటుంది. రాత్రి లైటు కింద 1/1000 పెడితే మాత్రం బొమ్మ మీద నల్లని అడ్డచారలు పడవచ్చు. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే 50 హెర్ట్జ్‌ది. దానివల్ల చాలా ట్యూబులైట్లూ, చవకరకం ఎల్ఈడీ బల్బులూ సెకనుకు 100 సార్లు మసకబారి వెలుగుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చారలు పోతాయి.

మా నాన్నగారు టీ చల్లార్చే ఫోటో నా దగ్గర ఒకటే ఉంది. ముఖం స్పష్టంగా ఉంది, చేతులు రెండూ చెదిరిపోయాయి. చాలా ఏళ్లు దానిని పాడైన ఫోటో అనుకుని పక్కన పడేశాను. ఆయన పోయిన తరువాత తీసి చూస్తే, నిలబెట్టి తీసిన ఫోటోలలో ఎక్కడా లేని ఆయన చేతుల ఒడుపు అందులో ఉంది. ఈ పాఠం రాయడానికి కారణం ఆ ఫోటోయే.

ఇక మూడోది, ఎక్కువ సమయం పట్టేది: కదిలే మనిషితోపాటు కెమెరాను కూడా తిప్పడం. దీనికి పాపనూ, సైకిలునూ తీసుకుని విశాఖలోని రామకృష్ణా బీచ్‌కు వెళదాం. తెల్లవారకముందే వెళ్లాలి. చల్లగా ఉంటుందని కాదు, లెక్క అలా ఉంది. ఫోను లెన్సు రంధ్రాన్ని, అంటే ఎఫ్ 1.8 వంటి కొలతను, చాలా ఫోన్లలో చిన్నది చేయలేం. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే కొలతను, 50కి తగ్గించినా షటర్ 1/4000 దగ్గర పెడితేనే బొమ్మ సరిపోతుంది. 1/30 పెడితే ఫోటో మొత్తం తెల్లగా పాలిపోతుంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోనుంచే లేస్తాడు, జూన్‌లో అయితే అయిదున్నరలోపే. దానికి ముందు దొరికే 20 నిమిషాల పలచని వెలుతురు మనకు కావాలి.

అక్కడికి చేరగానే అందరూ చేసే పని సముద్రాన్ని వెనక పెట్టుకుని పిల్లలను తీయడం. ఈ సాధనకు అది పనికిరాదు. కెమెరా తిప్పినప్పుడు వెనకనున్నవి గీతలుగా సాగితేనే వేగం కనబడుతుంది. నీళ్లూ ఆకాశమూ సాగినా అలాగే ఉంటాయి. మీరే సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. అప్పుడు బీచ్ రోడ్డు వైపు చెట్లు, మేడలు, ఇంకా ఆరిపోని వీధిదీపాలు, నడకకు వచ్చినవాళ్లు వెనక వరుసగా దొరుకుతారు. తూర్పు వెలుగు మీ భుజాల మీదుగా వెళ్లి పాప ముఖం మీద పడుతుంది. సైకిలు పేవ్‌మెంట్ మీదే తొక్కించండి, రోడ్డు మీదకు వద్దు. ఇంకొకరు పాప వెంట ఉండాలి.

మీకూ పాపకూ మధ్య నాలుగైదు మీటర్లు ఉండనివ్వండి. 1/30 పెట్టండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, పాదాలు కదపకుండా నడుము పైభాగాన్ని మాత్రమే తిప్పాలి. పాప దూరంగా ఉండగానే ఆమె ముఖాన్ని తెరలో ఒకచోట పట్టుకుని వెంబడించండి, ఎదురుకు రాగానే నొక్కండి, నొక్కాక కూడా తిప్పుతూనే ఉండండి. అందరూ తప్పేది ఇక్కడే. నొక్కగానే చేయి ఆగిపోతుంది, బొమ్మ అక్కడే చెడుతుంది. మొదటి రోజు 30 తీస్తే ఒకటి కుదిరినా మంచిదే. ముఖం ఒక్కటి నిలిచి, చక్రాలూ చెట్లూ సాగిపోతే కుదిరినట్టు. అది రాకపోతే 1/60కి వెళ్లి మళ్లీ 1/30కి రండి.

సముద్రం ఇప్పుడు. మా అమ్మ బీచ్‌కు వస్తే చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టుకుని, అల పాదాలను తాకేచోట కదలకుండా నిలబడుతుంది. ఎవరూ చెప్పనక్కరలేదు. మీ ఇంట్లోనూ అలా నిలబడేవారు ఒకరుంటారు. ఫోనును స్టాండు మీద పెట్టి 1/4 సెకనుతో తీయండి. మనిషి నిలిచి, నీళ్లు పొగమంచులా చుట్టూ జారతాయి. అల వెనక్కి వెళ్లేటప్పుడు తీస్తే నురగ గీతలు మీవైపునుంచి లోపలికి సాగుతాయి, నాకు అదే ఇష్టం. స్టాండును తడి ఇసుకలో నిలపవద్దు. అల లాగినప్పుడల్లా కాళ్ల కింద ఇసుక జారి స్టాండు దిగబడుతుంది. ఒక ఉదయమంతా తీసినవన్నీ అలాగే పోగొట్టుకున్నాను. పొడి ఇసుక మీద గట్టి పలక వేసి, దానిమీద నిలపండి. ఇక్కడ నీళ్లు లోపలికి లాగుతాయి కనుక చీలమండ దాటి ఎవరినీ పంపవద్దు. నీళ్లలో ఉన్నవారిని ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడమని అసలే అడగవద్దు. అక్కడ నౌకాదళ ప్రాంతాల వైపు కెమెరా తిప్పవద్దు.

ఇంటికి వచ్చాక లెన్సును వెంటనే తుడవకండి. ఇసుక రేణువు ఉంటే గీత పడుతుంది. ముందు ఊదండి, తరువాత మెత్తని నూలుగుడ్డతో ఉప్పు పొర తీయండి.

ఆదివారం కూర్చుని ఫ్యానుది ఒకటి, ధారది ఒకటి, సైకిలుది ఒకటి, అలది ఒకటి ఎంచండి. చెదిరినవాటిలోనుంచి, ఎందుకో తెలియకుండానే తీసిపారేయబుద్ధి కానిది ఇంకొకటి తీయండి. అయిదింటినీ పోస్టుకార్డు కొలతలో ప్రింటు వేయించి, ప్రతిదాని వెనకా షటర్ వేగాన్ని పెన్సిలుతో రాసి ఉంచండి. 5వ పాఠంలో సూర్యుడికి ఎదురుగా నిలబడి తీయడం మొదలుపెడతాం, అప్పుడు ఈ ప్రింట్లు పక్కన ఉండాలి.