ఒకటో తారీఖున మీ జీతం మీరే వేసుకోండి

బెంగళూరులో ఫ్రీలాన్స్‌గా బొమ్మలో డిజైన్లో చేసుకుంటూ నెట్టుకొస్తున్న మనవాళ్ళకి ఒక మాట. నాకు ధైర్యం పోయింది డబ్బు తక్కువై కాదు, అది ఎప్పుడొస్తుందో తెలియక. ఒక నెల లక్ష వచ్చి తర్వాత రెండు నెలలు పైసా రాకపోతే, మారతహళ్ళిలో మెస్ భోజనానికి కూడా లెక్క చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు క్లయింట్ల డబ్బంతా ఒక ఖాతాలో పడుతుంది, అందులోంచి ప్రతి ఒకటో తారీఖున 30 వేలు నా సొంత ఖాతాకి దానంతటదే వెళ్ళేలా పెట్టాను, పని బాగా ఉన్న నెలయినా అంతే, లేని నెలయినా అంతే. మిగిలిన బ్యాలెన్స్‌ని 30 వేలతో భాగిస్తే ఇంకెన్ని నెలలు గడుస్తుందో తెలిసిపోతుంది. "నాలుగు నెలలకి ఢోకా లేదు" అనుకుని పడుకుంటే పట్టే నిద్రే వేరు.

ఇంకోటి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం (డబ్బులడిగే సైట్లు కూడా ఉన్నాయి, చూసుకోండి). అది ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా, మన బిల్లు 45 రోజుల్లోపు కట్టాలి. ఆ ఉద్యమ్ నంబర్ ఇన్వాయిస్ మీద వేస్తే అడగడానికి మొహమాటం కాస్త తగ్గుతుంది.

కంపెనీలు మన బిల్లులోంచి పన్ను కింద ముందే పట్టుకునే 10 శాతం టీడీఎస్ కూడా పోయినట్టు కాదు, మీ పన్ను అంత లేకపోతే రిటర్ను వేశాక మిగతాది వెనక్కి వస్తుంది. పోయినేడు నాకది సరిగ్గా పని లేని నెలలో పడింది, అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.