ఎముకలు గుల్లబారినప్పుడు ఆహారం, మాత్రలు, వ్యాయామం, శిక్షణ ఏ వరుసలో చేపట్టాలి?

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కానులో టి-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ వచ్చిందని తెలియగానే చాలామంది రెండు పనులు చేస్తారు. క్యాల్షియం మాత్రలు కొనుక్కుంటారు. ఎక్కడ ఎముక విరుగుతుందోనన్న భయంతో నడక, మెట్లెక్కడం, బరువులెత్తడం తగ్గించుకుంటారు. మొదటిది ఒక్కటే చాలదు, రెండోదైతే హాని చేస్తుంది. ఎముక జీవమున్న కణజాలం. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు, కొత్త ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు దానిలో జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. బరువు పడే చోట కట్టే పని సాగుతుంది, బరువు పడని చోట కరిగే పనిది పైచేయి అవుతుంది. అంతరిక్షంలో భారరహిత స్థితిలో గడిపే వ్యోమగాములకు తుంటి ఎముక సాంద్రత నెలకు ఒక శాతానికి పైగా తగ్గుతుందన్న సంగతి ఇందుకు బలమైన రుజువు. ఆహారం, మాత్రలు ఎముకకు కావలసిన పదార్థాన్ని అందిస్తాయి, ఆ పదార్థాన్ని వాడుకోమని ఎముకను ప్రేరేపించేది మాత్రం వ్యాయామమే. ఆ వ్యాయామాన్ని ఎముక విరిగే ప్రమాదం లేకుండా ఎలా పెంచుకుంటూ పోవాలో నేర్పడానికే మంచి శిక్షణ కార్యక్రమం కావాలి.

మొదట తేల్చుకోవలసినవి

టి-స్కోరు అంటే ఆరోగ్యవంతులైన యువత సగటు ఎముక సాంద్రతతో మన సాంద్రతను పోల్చి చెప్పే అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉన్నది ఆస్టియోపీనియా, అంటే ఎముక కొంత పలచబడిన స్థితి; మైనస్ 2.5, అంతకన్నా దిగువ ఉన్నది ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన స్థితి. అయితే ఈ అంకె ఒక్కటే ముప్పును చెప్పదు. నిలబడిన ఎత్తు నుంచి పడిన మాత్రానికే మణికట్టు, భుజం, తుంటి లేదా వెన్నుపూస ఇంతకుముందు విరిగి ఉంటే, స్కోరు ఎంత ఉన్నా మళ్లీ విరిగే ముప్పు ఎక్కువే. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో రూపొందించిన ఫ్రాక్స్ అనే గణన వయసు, బరువు, పాత విరుగుళ్లు (ఇంతకుముందు ఎముకలు విరగడం), తల్లిదండ్రులకు తుంటి విరిగిందా, పొగతాగడం, స్టిరాయిడ్ల వాడకం వంటివి కలిపి రాబోయే పదేళ్ల ముప్పును అంచనా వేస్తుంది. దీన్ని లెక్కించి చెప్పమని వైద్యుణ్ణి అడగడంలో సంకోచం అక్కరలేదు.

ఎముకలు గుల్లబారడానికి వయసు, నెలసరి నిలిచిపోవడం మాత్రమే కారణమనుకుని ఊరుకోకూడదు. థైరాయిడ్ లేదా పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేయడం, పేగుల్లో పోషకాలు సరిగా ఇంకకపోవడం, కీళ్లవాతం, మూడు నెలలకు మించి ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లు వాడటం, రొమ్ము క్యాన్సర్‌కో ప్రోస్టేట్ క్యాన్సర్‌కో ఇచ్చే హార్మోన్ చికిత్సలు, కొన్ని మూర్ఛ మందులు కూడా ఎముకను పలచబరుస్తాయి. మూలకారణం అలాగే ఉండిపోతే ఎంత మంచి ఆహారమూ, వ్యాయామమూ పూర్తి ఫలితం ఇవ్వవు. మరో మాట: వెన్నుపూసలు చాలాసార్లు నొప్పి తెలియకుండానే కుంగిపోతాయి. యవ్వనంలో ఉన్న ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, వీపు పైభాగం గూనిలా వంగుతున్నా వ్యాయామం మొదలుపెట్టకముందే వెన్నెముకకు ఎక్స్‌రే తీయించుకోవాలి, ఎందుకంటే ఏ వ్యాయామం తగును, ఏది తగదు అన్నది ఆ ఫలితాన్ని బట్టే మారుతుంది.

ఆహారం

యాభై దాటిన స్త్రీలకు, డెబ్భై దాటిన పురుషులకు రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం, మిగతా పెద్దలకు 1000 మిల్లీగ్రాములు అవసరమన్నది ఎక్కువగా పాటించే ప్రమాణం. మాత్రల గురించి ఆలోచించే ముందు, ఒక వారం పాటు తిన్నవన్నీ రాసుకుని రోజుకు సగటున ఎంత అందుతోందో లెక్క వేసుకోవాలి. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది, అంతే పరిమాణం పెరుగులోనూ దాదాపు అంతే. పాలు సరిపడనివారికి క్యాల్షియం కలిపిన సోయా పాలు, క్యాల్షియం లవణంతో విరిచి చేసిన టోఫూ (సోయా పనీరు), ముల్లుతో సహా తినగల చిన్న చేపలు, నువ్వులు, ఆకుకూరలు ఉన్నాయి. ఆకుకూరలన్నీ ఒకటి కావు. పాలకూరలో క్యాల్షియం బాగానే ఉన్నా, దానిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది ఐదు శాతం మాత్రమే, పాలలోని క్యాల్షియమైతే మూడో వంతు దాకా పడుతుంది.

క్యాల్షియానికి ఇచ్చిన ప్రాధాన్యం ప్రొటీనుకు ఇవ్వకపోవడం చాలా ఇళ్లలో కనిపించే లోపం. ఎముక ఘనపరిమాణంలో దాదాపు సగం ప్రొటీనే, పైగా పడిపోకుండా కాపాడే కండరం నిలవాలన్నా అదే కావాలి. మూత్రపిండాల జబ్బు లేని వృద్ధులకు శరీర బరువులో కిలోకు ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా ప్రొటీను అవసరం, అంటే అరవై కిలోలున్న మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. దాన్ని ఒకే పూట కాకుండా మూడు పూటలకూ పంచుకుంటే మంచిది. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో క్యాల్షియం ఎక్కువగా పోతుంది కనుక రోజుకు ఐదు గ్రాములు మించకుండా చూసుకోవాలి. పొగ మానాలి, మద్యం వీలైనంత తగ్గించాలి. బరువు తగ్గాలని తిండి బాగా కోసుకుంటే కండతో పాటు ఎముకా తరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మాత్రలు: లోటు మేరకే

ఆహార లెక్కలో తేలిన లోటును పూడ్చడానికే మాత్ర. రోజుకు 1200 మిల్లీగ్రాములు కావలసిన స్త్రీకి ఆహారంలో 850 దాకా అందుతుంటే, కావలసింది మరో 350 మాత్రమే, వెయ్యి మిల్లీగ్రాముల మాత్ర కాదు. అట్ట మీద రాసిన అంకెను జాగ్రత్తగా చదవాలి: 1250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేటులో అసలు క్యాల్షియం 500 మిల్లీగ్రాములే ఉంటుంది. ఒకసారికి 500 మిల్లీగ్రాములకు మించి తీసుకుంటే ఒంటికి పట్టే శాతం తగ్గుతుంది. కార్బొనేటును భోజనంతో తీసుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు వాడేవారికి సిట్రేటు రూపం నయం. థైరాయిడ్ మాత్రకూ క్యాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలను, కొన్ని యాంటీబయోటిక్‌లను కూడా దీనితో కలిపి మింగకూడదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు వైద్యుణ్ణి అడగకుండా క్యాల్షియం మాత్రలు మొదలుపెట్టరాదు.

విటమిన్ డి విషయంలో మితం చాలా ముఖ్యం. డెబ్భై ఏళ్ల దాకా రోజుకు 600, ఆ పైన 800 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) చాలన్నది సాధారణ ప్రమాణం, రక్తపరీక్షలో లోపం తేలితే వైద్యుడు కొంతకాలం ఎక్కువ మోతాదు ఇస్తారు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలన్న నమ్మకం తప్పు. ఆస్ట్రేలియాలో వృద్ధ స్త్రీలకు ఏడాదికొకసారి ఐదు లక్షల ఐయూ ఇచ్చి చూసిన అధ్యయనంలో, మందు తీసుకున్నవారే ఎక్కువగా పడిపోయారు, వారికే ఎక్కువ ఎముకలు విరిగాయి. ఈ ఫలితం 2010లో వెలువడింది. లోపం ఉన్నదా లేదా అని చూడకుండా సాధారణ ఆరోగ్యవంతులకు రోజుకు 2000 ఐయూ ఇచ్చినా విరుగుళ్లు తగ్గలేదని అమెరికాలో జరిగిన వైటల్ అధ్యయనం 2022లో చెప్పింది. విటమిన్ కె2, కొల్లాజెన్, మెగ్నీషియం వంటి వాటికి విరుగుళ్లను తగ్గిస్తాయన్న గట్టి ఆధారాలు లేవు. స్ట్రాన్షియం మాత్రలు వాడుతుంటే ఆ సంగతి స్కాను తీసేవారికి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ మూలకం ఎముకలో చేరి సాంద్రతను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది.

వ్యాయామం

రోజూ నడుస్తున్నాను కదా అనే మాట తరచుగా వినిపిస్తుంది. నడక గుండెకు, మనసుకు మేలు చేస్తుంది, కానీ అలవాటైన నడక ఎముకకు కొత్త బరువు కాదు కనుక సాంద్రతను పెంచే శక్తి దానికి తక్కువ. ఈత, సైకిలు తొక్కడం అంతకన్నా తక్కువ. ఎముకకు కావలసినది అలవాటును మించిన బరువు, క్రమంగా పెరిగే బరువు. దానికి మూడు తోడు కావాలి: కండరాలతో బరువు లాగే వ్యాయామం, నేల తాకిడి కలిగించే కదలిక, తూలిపోకుండా నిలబెట్టే సాధన.

బరువుల వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చేయాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి, తర్వాత చేతుల్లో బరువు పట్టుకుని, ఆపైన గుంజీళ్లు, నేల మీది బరువును తుంటి దగ్గర వంగి ఎత్తడం, తలపైకి బరువు నెట్టడం వంటివాటికి చేరుకోవాలి. పది పన్నెండు సార్లకు అలసట తెలిసే బరువు ఆరంభానికి సరిపోతుంది. అదే బరువు తేలికగా పన్నెండు దాటుతుంటే పెంచే సమయం వచ్చినట్టే. ఏళ్ల తరబడి అరకిలో బరువులతోనే చేతులు ఆడిస్తూ ఉండటం వల్ల ఎముకకు ఒరిగేది దాదాపు శూన్యమని నా దృఢమైన అభిప్రాయం. తాకిడి కోసం, వెన్నుపూస విరగనివారు వారంలో ఎక్కువ రోజులు యాభై దాకా చిన్న గెంతులు, పాదం గట్టిగా మోపడాలు, మునివేళ్లపై ఎగసి మడమలను కిందికి మోపడాలు చేయవచ్చు. ఒకేసారి కాకుండా పదేసి చొప్పున విడగొట్టుకోవచ్చు. వెన్నుపూస విరిగినవారికి చురుకైన నడక, మెట్లెక్కడం వంటి తక్కువ తాకిడే తగినది.

వెన్నెముక విషయంలో అతి జాగ్రత్త అవసరం. 1984లో మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎముకలు గుల్లబారిన స్త్రీలలో ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, వెన్ను నిటారుగా సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. అది చిన్న అధ్యయనమే అయినా దాని హెచ్చరిక ఇప్పటికీ వర్తిస్తుంది. కాబట్టి వెల్లకిలా పడుకుని పైకి లేచే సిటప్‌లు, కాళ్లు చాచి ముందుకు మడుచుకుపోయే ఆసనాలు, బరువుతో నడుము మెలిపెట్టడం మానాలి. బదులుగా బోర్లా పడుకుని ఛాతీని కొద్దిగా పైకెత్తడం, గోడకు వీపు, తల ఆనించి నిలబడటం చేయాలి. ఇంట్లో బకెట్టు ఎత్తేటప్పుడు, పక్క సర్దేటప్పుడు కూడా నడుము వంచకుండా మోకాళ్లు, తుంటి వంచే అలవాటు చేసుకోవాలి. రోజుకు ఎన్నోసార్లు జరిగే ఈ వంగడాలు కూడా ప్రమాదం తేవచ్చు.

తుంటి విరుగుళ్లలో అత్యధికం పడిపోవడం వల్లే జరుగుతాయి. గట్టి బల్లను పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం, మడమకు బొటనవేలు తాకించి నడవడం, తాయ్ చీ అనే నెమ్మది కదలికల వ్యాయామం వంటివి తూలుడును తగ్గిస్తాయి. న్యూజిలాండ్‌లో రూపొందిన ఒటాగో వ్యాయామ కార్యక్రమం వృద్ధులు పడిపోవడాన్ని సుమారు మూడో వంతు తగ్గించింది. చూపు పరీక్ష, నిద్రమాత్రల సమీక్ష, స్నానాలగదిలో పట్టుకునే కమ్మీ, రాత్రిపూట వెలుతురు కూడా దీనిలో భాగమే.

శిక్షణ కార్యక్రమం ఎంచుకోవడం

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన లిఫ్ట్‌మోర్ అధ్యయనం ఈ రంగంలో చాలా అభిప్రాయాలను మార్చింది. నెలసరి నిలిచిపోయి ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలలో ఒక బృందం ఎనిమిది నెలల పాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, తాము ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా ఎత్తింది. వారి నడుము వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది, ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసినవారికి 1.2 శాతం తగ్గింది. ఈ ఫలితం చదివి ఎవరికి వారు ఇంట్లో పెద్ద బరువులు ఎత్తబోతే అది అపాయకరం. అక్కడ చిన్న చిన్న బృందాలకు నిపుణుల ప్రత్యక్ష పర్యవేక్షణ ఉంది, మొదటి నెలంతా తేలిక బరువులతో భంగిమ నేర్చుకోవడానికే కేటాయించారు. శిక్షకుడి విలువ ఉన్నది అక్కడే.

కార్యక్రమంలో చేరే ముందు కొన్ని సంగతులు గమనించాలి. శిక్షకుడు ఫిజియోథెరపీ లేదా వ్యాయామ శాస్త్రంలో చదువుకున్నవారై, ఎముకలు గుల్లబారినవారితో పనిచేసిన అనుభవం ఉన్నవారై ఉండాలి. చేర్చుకోకముందే స్కాను నివేదిక, పాత విరుగుళ్లు, వాడుతున్న మందులు అడగాలి. అడగనివారి దగ్గర చేరకపోవడమే మంచిది. అందరికీ ఒకే వ్యాయామ పట్టిక ఇచ్చే చోట, ఎత్తిన బరువులను రాసిపెట్టని చోట పురోగతి ఉండదు. ఆన్‌లైన్ శిక్షణ అయితే మొదటి కొన్ని తరగతులైనా ప్రత్యక్షంగా జరగాలి, ఆ తర్వాత కెమెరాను పక్కనుంచి పెడితేనే వెన్ను వంగుతున్నదీ లేనిదీ శిక్షకుడికి కనిపిస్తుంది. మూడు నెలల్లో ఎముకలు మామూలైపోతాయనీ, వైద్యుడిచ్చిన మందులు మానేయవచ్చనీ చెప్పేవారిని, తమ సొంత మాత్రలు కొంటేనే శిక్షణ ఇస్తామనేవారిని నమ్మరాదు. ఎముక కరిగి తిరిగి కట్టుకునే ఒక్క విడత పూర్తికావడానికే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ముప్పు ఎక్కువ ఉన్నవారికి మందులు కూడా అవసరం. మంచి శిక్షణ వాటికి తోడే గానీ బదులు కాదు. ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రొనేట్ వంటి మాత్రను పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. క్యాల్షియం ఆ తర్వాతే. అదే పని కోసం ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షనును ఆలస్యం చేసినా, వేరే మందు ఏర్పాటు లేకుండా మానేసినా వెన్నుపూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది కనుక తేదీని శిక్షకుడికీ ఇంట్లోవారికీ చెప్పి ఉంచాలి.

పురోగతిని చూడటానికి స్కానును ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, వీలైతే అదే యంత్రం మీద తీయించాలి. ఒకటి రెండు శాతం తేడా కొలతలోని హెచ్చుతగ్గుల వల్లే రావచ్చు. వయసు మళ్లినవారిలో వెన్నెముక కీళ్ల అరుగుదల అక్కడి స్కోరును ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి తుంటి అంకెను కూడా చూడాలి. ఈ లోపు నెలకొకసారి, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో, ఒంటికాలిపై ఎంతసేపు నిలబడగలుగుతున్నారో శిక్షకుడి దగ్గర కొలిపించుకుని, ఎత్తుతో పాటు ఒకే పుస్తకంలో రాసుకోవాలి. హఠాత్తుగా వీపులో కొత్త నొప్పి వస్తే ఆ రోజు నుంచే వ్యాయామం ఆపి, వెన్నుపూస విరగలేదని తేలిన తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి.