మసక జంట తారలు – 5వ పాఠం: చుట్లు లెక్కపెట్టడంలో తిరకాసు

గత పాఠంలో ఎంచుకున్న 18వ ప్రకాశ పరిమాణపు (అంటే చాలా మసకైన) తార దగ్గరికే మళ్లీ వెళ్దాం. రంగు నీలం, వర్ణపటంలో హైడ్రోజన్ ఉద్గార రేఖలు. ఇది అరుణ కుబ్జం (చిన్న ఎర్రని తార), శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయిన చిన్న, దట్టమైన తార) కలిసి తిరిగే జంట అని అనుమానించడానికి ఇవి చాలు, రుజువుకు చాలవు. కక్ష్యాకాలం, అంటే ఆ జంట ఒక చుట్టు తిరిగే సమయం, దొరకాలి.

అరుణ కుబ్జ తార నుంచి జారే వాయుధార, శ్వేత కుబ్జం చుట్టూ తిరిగే వాయు పళ్లెం (డిస్కు) అంచును ఢీకొన్న చోట ఒక వేడి మచ్చ వెలుగుతుంది. అది మనవైపు తిరిగినప్పుడల్లా కాంతి వక్రంలో (సమయంతో వెలుగు ఎలా మారిందో చూపే గీతలో) చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బుల కోసమైతే 60 సెకన్ల ఎక్స్‌పోజర్ సరిపోతుంది. గ్రహణం ఉందనిపిస్తే మాత్రం 20కి తగ్గించండి. శ్వేత కుబ్జం అరుణ కుబ్జం చాటున నిమిషం లోపే మాయమైపోవచ్చు కనుక, నాయిస్ పెరిగినా ఫరవాలేదు.

మొదటి రాత్రి మూడు ఉబ్బులు దొరికాయనుకుందాం. సగటు ఎడం 87 నిమిషాలు. మసక తార కాబట్టి ఒక్కో శిఖరం సమయంలో మూడు నిమిషాల తప్పు సహజం. రెండు చుట్ల మీద పంచితే ఎడంలో సుమారు రెండు నిమిషాల సందేహం మిగులుతుంది. మర్నాడు సరిగ్గా 24 గంటల తర్వాత, అంటే 1440 నిమిషాలకు, మరో ఉబ్బు. మధ్యలో 16 చుట్లు తిరిగిందా, 17 తిరిగిందా? 16 అయితే 90 నిమిషాలు, 17 అయితే 84.7. మొదటి రాత్రి లెక్క రెండింటినీ కాదనలేదు! సాఫ్ట్‌వేర్ గీసే పీరియడోగ్రామ్‌లోనూ (ఏ కాలం డేటాకు ఎంత బాగా సరిపోతుందో చూపే పటంలోనూ) ఈ రెండు శిఖరాలు పక్కపక్కనే నిలబడతాయి. ఎత్తైనదే నిజమని నమ్మేయడం కొత్తవారు చేసే పొరపాటు, నేనూ చేశాను. మరో పది రాత్రులు అదే వేళకు చూసినా ఈ చిక్కు సులభంగా విడిపోదు. ఒకే రాత్రి ఆరు గంటలు ఆపకుండా చూడండి, లేదా దూరపు రేఖాంశంలోని పరిశీలకుడితో కలిసి పనిచేయండి.

ఇంకొక మెలిక. తార మహావిస్ఫోటంలో (సూపర్ అవుట్‌బర్స్ట్, అంటే డిస్కు ఒక్కసారిగా బాగా వెలిగిపోయే దశలో) ఉంటే కనిపించే ఉబ్బులు వేడి మచ్చవి కావు, సాగిన డిస్కువి. వాటి కాలం కక్ష్యాకాలం కంటే కొద్దిగా ఎక్కువ. ఇలాంటి జంట తారే అయిన డబ్ల్యూజెడ్ సాజిటేకి కక్ష్యాకాలం 81.6 నిమిషాలైతే, 2001 విస్ఫోటంలో ఈ ఉబ్బుల కాలం దాదాపు ఒక శాతం ఎక్కువగా వచ్చింది. అందుకే నోటు పుస్తకంలో ప్రతి కాలం పక్కన ఆ రాత్రి తార ఎంత ప్రకాశంగా ఉందో కూడా రాసుకోండి.

వచ్చే పాఠానికి పని: మూడు శిఖరాల సమయాలు, ఒక్కోదానికి మీ అంచనా తప్పు.