నాలుగైదు కథల్ని ఒకే సినిమాగా అల్లడం ఎలా?

ముందు ఒక్కో కథకీ విడిగా వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకొక లైను చొప్పున సీన్ల వరుస, రాసుకోండి. మొదట్నుంచీ కలిపి రాస్తే బలమైన కథే సీన్లన్నీ మింగేస్తుంది.

తర్వాత కథకొక రంగు, సీనుకొక కార్డు. వరుసగా గోడకి అంటించి కాస్త దూరం నుంచి చూడండి. పది కార్డులు దాటినా ఒక రంగు కనిపించలేదంటే ప్రేక్షకుడు ఆ మనిషిని మర్చిపోయినట్టే. ప్రతి కార్డు మూలన కథలోని రోజు, టైము వేయండి. అందరూ బద్ధకించేది ఇక్కడే. ఒక కథలో రాత్రి, పక్కదాంట్లో అదే రోజు మధ్యాహ్నం అని ఎడిటింగ్‌లో బయటపడితే సీను జరపడానికి దారుండదు.

కథలు కలిసే చోటుకి కారణం కావాలి. 2010లో వచ్చిన ‘వేదం’లో కేబుల్ రాజుకి న్యూ ఇయర్ పార్టీ పాసు కోసం డబ్బు కావాలి, రాములుకి మనవణ్ణి విడిపించుకోడానికి కావాలి. అందుకే హాస్పిటల్లో రాములు డబ్బుని రాజు దొంగిలించడం కాకతాళీయం అనిపించదు. ఉత్తినే రోడ్డు మీద ఢీకొట్టించి కలిపితే తేలిపోతుంది.

ఒక కథలోంచి ఇంకో కథలోకి వెళ్లేటప్పుడు జవాబు దగ్గర కాదు, ప్రశ్న దగ్గర కట్ చేయండి. తలుపు తట్టాక ఆపండి. తీసిందెవరో నాలుగు సీన్ల తర్వాత చూపించొచ్చు.